కాయ ఒకపక్క, కట్టె ఒకపక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చెనక్కాయ నూర్పిడి మిషన్ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



మేము ఐదుగురం. కదిరి పక్క పల్లెటూరి వాళ్ళం. మా గ్రామ సమాఖ్య తీసుకున్న చెనక్కాయ నూర్పిడి మిషన్‌ను చూసుకునే కమిటీ మాది. బాడుగ ఎంత వచ్చింది, డీజిలుకు, రిపేర్లకు ఎంత పోయింది అనే లెక్క కోశాధికారి ఇంతకుముందే చదివారు. మేము చెప్పబోయేది ఆ లెక్కలో కనపడని సంగతి. మిషన్ గాలి సంగతి. ఆ గాలి వల్ల మా ఊర్లో ఇద్దరు సభ్యుల మధ్య తగాదా వచ్చింది. ఆ తగాదాలో తప్పు మా కమిటీది కూడా ఉంది. అది దాచకుండా చెప్తే మీ ఊర్లలో ఆ తప్పు జరక్కుండా ఉంటుందని వచ్చాం.

ముందు పాత కల్లం ఒకసారి గుర్తు చేసుకుందాం. చెట్టు పీకి, నాలుగైదు రోజులు చేన్లో ఆరబెట్టి, మోపులు కట్టి కల్లానికి తెచ్చి వామి వేసేవాళ్ళం. తర్వాత ఆడోళ్ళమంతా వరసగా కూర్చొని కాయ తెంపేవాళ్ళం. వేళ్ళు పగిలేవి, గోళ్ళల్లో మట్టి పోయేది కాదు. తెంపిన కాయను చేటల కెత్తి, గాలి దిక్కు చూసుకొని తూర్పారబట్టేవాళ్ళం. గాలి ఎక్కువుంటే చేట దించి పట్టుకోవాలి, తక్కువుంటే పైకెత్తాలి. సన్నగా జారవిడవాలి. ఇది మనకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నాం. గాలి ఆగిపోతే చేట కింద పెట్టి ఎదురు చూడడం తప్ప వేరే దారి ఉండేది కాదు.

మిషన్ చేసేదీ అదే పని. ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టుతో మిషన్ లోపల డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ముకుండే ఇనుప పళ్ళు చెట్టును కొట్టి కాయను రాలుస్తాయి. కింద కమ్మీల జల్లెడలోంచి కాయ, నలిగిన కట్టె, ఆకు, మట్టి దిగుతాయి. అక్కడ ఫ్యాను గాలి అందుకుంటుంది. తేలికగా ఉండే కట్టెను, ఆకును ఎత్తుకొని గొట్టం గుండా దూరంగా విసిరి కుప్ప పోస్తుంది. బరువుగా ఉండే కాయ గాలికి లేవదు. ఊగే జల్లెడల మీద మట్టి రాల్చుకొని ఇవతల గంపలో పడుతుంది. కాయ ఒకపక్క, కట్టె ఒకపక్క. మన చేట చేసిన పనే. తేడా ఏమంటే చేట పట్టుకున్న మనిషికి కన్ను ఉంది. గట్టి కాయ పొట్టులో పడితే వెంటనే చెయ్యి సర్దుకునేది. ఫ్యానుకు కన్ను లేదు.

మొదటి సీజన్లో మాకు ఇది తెలియలేదు. కాయ పడే పక్క పదిమందిమి నిలబడ్డాం. కట్టె పడే పక్క ఒక్కరం కూడా నిలబడలేదు. అక్కడ దుమ్ము. ఎవరు నిలబడతారు?

ఒక సభ్యురాలి కల్లంలో నూర్పిడి అయిపోయింది. కాయ మూటలు ఇంటికి చేరాయి. మరుసటి రోజు భూమి లేని ఒక అక్క వచ్చి, కుప్ప అంచున పడిన పొట్టు ఊడ్చుకుంటానని అడిగింది. ఆమె ఒంటరి మనిషి. ఇంటి ముందర ఒక ఎనుము ఉంది, దాని మీద సంఘం అప్పు ఉంది. రైతు అక్క సరేనంది. ఈమె రెండు రోజులు ముక్కుకు కొంగు కట్టుకొని ఆ పొట్టు చెరిగింది. ఎనుముకు మేత వచ్చింది. దాంతో పాటు అర మూట కాయ వచ్చింది. తాలు కాయ కాదు, గట్టి కాయ.

ఊర్లో మాట దాగుతుందా? రైతు అక్క వచ్చి, "నా కాయ నాకియ్యి" అంది. ఈమె, "నువ్వు వద్దని వదిలేసిన పొట్టు. రెండు రోజులు దుమ్ము తిని తీసినా. నేను తీయకుంటే ఎనుము కడుపులోకి పోయేది" అంది. ఇద్దరూ ఒకే సంఘం సభ్యులు. వారం వారం పక్కపక్కన కూర్చొని పొదుపు కట్టేవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

పంచాయితీ మా గ్రామ సమాఖ్య మీటింగుకు వచ్చింది. చెరి సగం పంచుకోండి అని తీర్మానం రాసేశాం. రైతు అక్కకు సగం పోయిందని కోపం, కూలి అక్కకు సగం గుంజుకున్నారని కోపం. అప్పుడు మాలో పెద్దామె ఒకరు లేచి ఒక్క మాట అడిగింది. "కాయ ఎవరిదని అడుగుతున్నారు, బాగుంది. కాయను పొట్టులోకి పంపింది ఎవరు?"

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆలోచిస్తే అందరమూ కలిసే పంపాం. బాడుగ గంటల లెక్కన కాబట్టి తొందరగా కానియ్యమని రైతు అంటుంది. ఇంకో కల్లానికి పోవాలని డ్రైవరు తొందర పడతాడు. ట్రాక్టరు రేసు పెంచితే డ్రమ్ముతో పాటు ఫ్యాను కూడా జోరుగా తిరుగుతుంది. గాలి జోరైతే కట్టెతో పాటు కాయ కూడా ఎగిరిపోతుంది. మేమేమో ఎన్ని గంటలు తిరిగింది, ఎంత బాడుగ వచ్చింది అని రాసుకుంటూ కూర్చున్నాం. గాలి ఎంత పెట్టారని ఒక్కరోజు కూడా అడగలేదు. మూడు తరాలు చేట పట్టిన ఆడోళ్ళం, గాలిని తీసుకుపోయి డ్రైవరు చేతిలో పెట్టాం.

ఆ తర్వాత మేము నేర్చుకున్నాం. నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెప్తాం.

మిషన్ మొదలైన కాసేపటికి గొట్టం ముందర ఒక పట్ట పరచండి. పడిన కట్టెలో ఒక గంప తీసుకొని చేటతో చెరగండి. అడుగున మిగిలిన కాయలు చూడండి. తాలు కాయ ఉంటే ఉండనీ, అది గాలికి పోయేదే. గట్టి గింజ ఉన్న కాయలు కనపడితే గాలి ఎక్కువైనట్టు. ఫ్యాను పక్కన గాలి పీల్చుకునే కిటికీ ఉంటుంది, దానికి రేకు మూత ఉంటుంది. మిషన్ ఆపించి ఆ మూత కొంచెం మూయించి, మళ్ళీ నడిపి, మళ్ళీ ఒక గంప చెరగండి. ఇటుపక్క కాయ గంపలో ఆకు, పుల్లలు ఎక్కువ వస్తుంటే గాలి చాలనట్టు. అప్పుడు మూత కొంచెం తెరిపించండి. రెండు మూడుసార్లు చూస్తే కుదురుతుంది.

గాలి తగ్గించాలని ట్రాక్టరు రేసు మరీ దించేస్తే ఇంకో నష్టం. డ్రమ్ము కూడా నెమ్మదిస్తుంది, కాయ రాలకుండా చెట్టునే అంటుకొని కట్టెలోకి పోతుంది. అందుకే రేసు డ్రమ్ముకు తగినట్టు ఉంచి, గాలిని మూత దగ్గర సర్దాలి. చెట్టును కూడా సమంగా అందించాలి. ఒకసారి పెద్ద మోపు తోసి, ఒకసారి ఖాళీగా వదిలితే గాలి ఎంత సర్దినా కుదరదు. పొద్దున మంచు ఆరకముందు మొదలుపెట్టకూడదు. తడి కట్టె డ్రమ్ముకు చుట్టుకుంటుంది, గాలికి లేవదు. ఒక కల్లంలో కుదిరిన గాలి పక్క కల్లంలో కుదరకపోవచ్చు. కదిరి-6 వేసిన చేనుకూ, కదిరి లేపాక్షి వేసిన చేనుకూ చెట్టు తీరు వేరు. వాన బాగా పడిన చేలో కాయ బరువు, ఎండిన చేలో కాయ తేలిక. కల్లం మారిన ప్రతిసారీ ఒక గంప చెరగాల్సిందే.

ఈ కష్టం మనకు మాత్రమే వచ్చిందా అనుకున్నాం. మా సభ్యురాలి కూతురు చదువుకున్న పిల్ల, ఆమె చదివి చెప్పింది. అమెరికాలో గోధుమ నూర్పిడి మిషన్లకు 1890ల నుంచి ఇట్లాంటి గాలి గొట్టాలు వచ్చాయట. అంతకుముందు గడ్డి పట్టీల మీదుగా బయటికి వచ్చేది, మిషన్ వెనక దుమ్ములో మనుషులు నిలబడి పంగలకర్రలతో వామి వేసేవాళ్ళు. పొడవాటి రేకు గొట్టం పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ గాలితో కుప్ప పోయడం మొదలయ్యాక ఆ మనుషుల పని తగ్గింది. ఆ పేటెంట్లు చేతిలో పెట్టుకున్న ఇండియానాపోలిస్ నగరపు కంపెనీ ఒకటి, మిషన్లు చేసే ఇతర కంపెనీల దగ్గర రాయల్టీ వసూలు చేసింది. గాలికి కూడా బాడుగ అన్నమాట! అక్కడి రైతులదీ మన మాటే. గడ్డి కుప్పలోకి గింజ పోతోందని. ఆ తర్వాత గొట్టంలోకి పోయే గింజను మధ్యలో పట్టి వెనక్కి పంపే ఏర్పాటు కూడా తెచ్చి అమ్మారు. ఇది విన్నాక మాకు ధైర్యం వచ్చింది. గాలి ఎక్కడైనా గాలే. కాపలా లేకపోతే కట్టెతో పాటు కాయనూ ఎత్తుకుపోతుంది.

ఇప్పుడు కట్టె సంగతి. కాయ అమ్మితే డబ్బు మగవాళ్ళ జేబులోకో, అప్పుల వాళ్ళ చేతికో పోతుంది. ఎనుము పాల డబ్బు మన చేతికి వస్తుంది. ఆ ఎనుముకు ఎండాకాలమంతా మేత ఈ కట్టే. వరిగడ్డితో పోలిస్తే చెనక్కాయ కట్టెలో మాంసకృత్తులు రెండింతల పైన ఉంటాయి. కాబట్టి గొట్టంలోంచి పడేది చెత్త కాదు, అది మన రెండో పంట.

అయితే అక్కా, మిషన్ పోసేది కుప్పే గానీ వామి కాదు. ఈ తేడా మాకు దెబ్బ తిన్నాకనే తెలిసింది. చేత్తో వేసిన వామిలో కట్టె పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి వాలుగా ఉంటుంది. వాన నీళ్ళు పైపైనే జారిపోతాయి. మిషన్ కట్టె ముక్కలై, గుల్లగా పడి ఉంటుంది. నీళ్ళు నేరుగా నడుమకు దిగుతాయి. మొదటి ఏడాది మాలో ఒకరి కుప్ప రెండు రోజుల ముసురులో తడిసింది. పైన ఎండినట్టే ఉంది, లోపల బూజు పట్టింది. అదే వేస్తే ఎనుము మేత మానేసింది, పాలు తగ్గిపోయాయి. పశువుల డాక్టరు గారు వచ్చి ఆ కట్టె మొత్తం ఆపమన్నారు. చెనక్కాయ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది పశువుకు చేటు చేయడమే కాదు, పాలలోకి కూడా దిగుతుంది అని చెప్పారు. ఆ పాలు తాగేది మన పిల్లలే. ఆ కుప్ప పెంటకు పోయింది.

అందుకని ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం. కుప్ప పడే చోటు ముందే ఎంచుకుంటాం. మెరక నేల, కింద రాళ్ళు, వాటి మీద కందికట్టె పరుస్తాం. చెమ్మ ఎక్కదు, చెదలు తొందరగా రాదు. గొట్టాన్ని గాలివాలుకు తిప్పిస్తాం. గాలికి ఎదురు పెడితే దుమ్మంతా చెట్టు అందించే వాళ్ళ మొహం మీదకే వస్తుంది. కుప్ప పడుతుండగానే గొట్టాన్ని కొంచెం కొంచెం జరిపిస్తూ, మిషన్ ఆపినప్పుడల్లా కుప్పెక్కి తొక్కుతాం. పైభాగం ఏనుగు వీపు మాదిరి గుండ్రంగా తీసి, అదే రోజు పట్ట కప్పి, అంచులకు రాళ్ళు కడతాం. రేపు కప్పుదాంలే అనుకోకండి, కార్తీకంలో వాన చెప్పి రాదు. ఇళ్ళకు, కరెంటు తీగలకు దూరంగా పెట్టండి. ట్రాక్టరు సైలెన్సరు కుప్ప వైపు ఉండకూడదు. కల్లంలో బీడీ ముట్టించేది ఎవరైనా సరే, బావ అయినా మామ అయినా, బయటికి పంపండి.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రాణం సంగతి. నూర్పిడి మిషన్లలో చేతులు పోతుంటే చూడలేకనే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. మిషన్‌తో పని చేస్తూ చనిపోయినా, అవయవం పోయినా పరిహారం అడిగే హక్కు ఆ చట్టంలో ఉంది. పరిహారం వస్తుంది గానీ చెయ్యి రాదు. చెట్టు అందించే తొట్టి కనీసం 90 సెంటీమీటర్ల పొడవు ఉండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు మూత ఉండాలి. అప్పుడు చెయ్యి ఎంత చాపినా పళ్ళకు అందదు. మీ మిషన్ తొట్టిని టేపు పెట్టి కొలవండి. మూత ఊడదీసి నడిపే డ్రైవరును ఆ రోజే నిలిపేయండి. షాఫ్టు మీద, బెల్టుల మీద కవర్లు ఉండాలి. కొంగు నడుముకు గట్టిగా చుట్టుకొని, పైన చొక్కా వేసుకోవాలి. జుట్టు ముడి వేసి గుడ్డ కట్టుకోవాలి. గాజులు తీసిపెట్టాలి. గొట్టం మూసుకుపోతే ఇంజన్ ఆపాకనే, ఫ్యాను పూర్తిగా నిలిచాకనే చెయ్యి పెట్టాలి. ఫ్యాను బరువైనది, ఆపాక కూడా చాలాసేపు తిరుగుతుంది. ముక్కుకు, నోటికి తడిపి పిండిన గుడ్డ అయినా కట్టుకోవాలి, మాస్కు ఉంటే మరీ మంచిది. ఆ దుమ్ములో మట్టి, బూజు రెండూ ఉంటాయి. సీజన్ అయ్యాక నెల రోజులు దగ్గేది మనమే.

చివరగా, తగాదా పడిన ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాం.

గాలి సర్దడం వచ్చాక పొట్టులో గట్టి కాయ దాదాపు కనపడలేదు. రైతులంతా సంతోషించారు. మేము కూడా గొప్పగా చెప్పుకున్నాం. అప్పుడు ఆ ఒంటరి అక్క మీటింగులో లేచి అడిగింది. "కాయ తెంపే కూలి మిషన్ వచ్చి పోయింది. పొట్టులో ఏరుకునేదీ ఇప్పుడు మీ గాలితో పోయింది. నేను కూడా ఈ సమాఖ్య సభ్యురాలినే గదా. మిషన్ నాదీ గదా. నాకేం మిగిలింది?"

ఇది మాకు తట్టనే లేదు. మిషన్ కొన్నప్పుడు భూమి ఉన్న సభ్యులకు ఎంత మిగులుతుందో లెక్క వేశాం. భూమి లేని సభ్యులకు ఎంత పోతుందో లెక్క వేయలేదు. కాయ తెంపే కూలి మీద బతికేది వాళ్ళే. ఆ రోజు మీటింగు పొద్దు గూకేదాకా నడిచింది. చివరికి ఒక తీర్మానం రాశాం. మిషన్ ఏ కల్లానికి పోయినా దానితో పాటు ఒక సభ్యురాలు పోవాలి. గొట్టం పక్క గంప చెరిగి గాలి చూడడం, కుప్ప తొక్కించి పట్ట కప్పించడం, తొట్టి మూత చూడడం ఆమె పని. ఆమె ఆపమంటే డ్రైవరు ఆపాలి. ఆమె కూలి బాడుగలోనే కలిపి వసూలు చేస్తాం. ఆ పని ముందు భూమి లేని సభ్యులకే ఇస్తాం. కుప్ప అంచున ఊడ్చిన పొట్టు, అందులో ఏముంటే అది, ఆమెదే. దాని మీద ఎవరూ పంచాయితీ పెట్టకూడదు.

బాడుగ పెరిగిందని కొందరు గొణిగారు. ఆ రైతు అక్కే లేచి, "గాలికి పోయే కాయ కంటే ఈ కూలి తక్కువే" అంది. మొన్నటి సీజన్లో ఆమె కల్లంలో గాలి చూసింది ఈ ఒంటరి అక్కే. ఇద్దరూ ఒకే పట్ట పరిచి, ఒకే గంప చెరిగారు. మధ్యాహ్నం ఒకే సద్ది తిన్నారు. ఇంత కంటే మాకేం కావాలి?

అయితే పోయిన పని అంతా తిరిగి రాలేదని కూడా ఒప్పుకోవాలి. ముప్పై మంది తెంపే చోట ఇప్పుడు ఆరేడు మంది చాలు. ఒక్క కాపలా కూలితో ఆ లోటు తీరదు. అందుకే ఈ మహాసభను మూడు సంగతులు అడుగుతున్నాం.

ఒకటి, సమాఖ్య మిషన్లు ఉన్న ప్రతి ఊర్లోనూ గాలి చూసే సభ్యురాలిని పెట్టాలి, ఆమె కూలి బాడుగలో కలపాలి. రెండు, మిషన్ బాడుగ మిగులులో కొంత భాగం భూమి లేని సభ్యులకు ఎనుములు, మేకలు, మేత కొనుక్కునే అప్పులకు కేటాయించాలి. మూడు, ఇంకో మిషన్ కొనే ముందు, దాని వల్ల ఎవరి కూలి పోతుందో గ్రామ సమాఖ్య మీటింగులో అడిగి, పేర్లు రాసుకొని, ఆ తర్వాతే తీర్మానం చేయాలి.

గాలి చూడడం నేర్చుకోవాలనుకునే వాళ్ళు సీజన్లో మా ఊరికి రండి. చేట తెచ్చుకోండి. అది పాతబడలేదు, ఇప్పటికీ దానితోనే మిషన్‌ను పరీక్ష చేస్తున్నాం.